ఆడిగాలికి మొండి డిస్కు

ఆడి మాసము వచ్చినదనిన మన తిరుత్తణికి రెండు వచ్చును. ఒకటి కృత్తిక పండుగ, రెండవది గాలి. భక్తులు కావళ్లు మోయుచు సుబ్రహ్మణ్యస్వామి కొండ యెక్కునది ఆ మాసముననే. దుమ్మును, ఎండుటాకులును, ఆరవేసిన బట్టలును వీథుల వెంట పరుగెత్తునది ఆ మాసముననే. ఆడిగాలికి సన్నికల్లు సైతము ఎగురునని తమిళులు సామెత చెప్పుదురు. సన్నికల్లు మాట యెట్లున్నను, 150 గ్రాముల ప్లాస్టిక్కు డిస్కు ఎగిరి ఎచ్చట పడునో మేము కన్నులార చూచితిమి.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే విషయము. గాలి బలముగా వీచునప్పుడు డిస్కు గోల్ఫు ఆటకు ఎట్టి డిస్కును ఎన్నుకొనవలెను? చూచుటకు ఇది చిన్న ప్రశ్న. కాని దీనికి సరియైన సమాధానము దొరకనిచో మన పాఠశాల పిల్లల ఆట యొకటి ఆడి మాసముననే అంతరించి యుండెడిది. కనుక విద్యార్థులును, వారి తల్లిదండ్రులును కొంచెము ఓపికతో చదువుదురని ఆశించుచున్నాము.

మేము ఈ పాఠశాలలోనే తెలుగున చదువుకొని, ఇప్పుడు తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతములందు ఉద్యోగములు చేసికొనుచున్న నలుగురము. ఆదివారము సాయంకాలము పాఠశాల మైదానమునకు వచ్చి పిల్లలతో ఆడుట మాకు అలవాటు. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమున చేరినను, మా పెద్దల నాటి తెలుగు తరగతులు నిలిచియే యుండెను. మేము చదువు కాలమున క్రికెట్టునకు రెండు జట్లు అవలీలగా కుదిరెడివి. తరువాత ఒక్కొక్క కుటుంబము తన పిల్లలను ఇంగ్లీషు బడికో, తమిళ బడికో పంపసాగినది. ఎవరి అవసరము వారిది. మేము తప్పు పట్టము. కాని దాని ఫలితము తరగతి గదిలో కంటె ముందుగా మైదానమున కనబడినది. క్రికెట్టునకు 22 మంది కావలెను. కబడ్డీకి 14 మంది కావలెను. వాలీబాలునకు 12 మంది కావలెను. ఆదివారము మా మైదానమునకు వచ్చు పిల్లలు ఎనమండుగురు, పండుగనాడైనచో అయిదుగురు. జట్టు కుదరనప్పుడు పిల్లవాడు ఏమి చేయును? గోడపై కూర్చుండి కొంతసేపు చూచును. మరుసటి ఆదివారము రాకుండును.

అట్టి సమయమున చెన్నపట్టణమున ఉద్యోగము చేయు మా మిత్రుడొకడు ఈ ఆటను మాకు పరిచయము చేసెను. అక్కడి సముద్రపుటొడ్డున యువతీయువకులు ఫ్రిస్బీతో జట్లుగా ఆడుదురు. డిస్కు గోల్ఫు దానికి చుట్టమే గాని, జట్టు అక్కరలేని ఆట. ఒక గురుతు పెట్టుకొని డిస్కును విసరవలెను. అది పడిన చోటనుండి మరల విసరవలెను. ఎవరు తక్కువ విసరులతో గురిని తాకుదురో వారు గెలిచినట్లు. ఒక్కడును ఆడవచ్చును, తొమ్మండుగురును ఆడవచ్చును. ఆరవ తరగతి బాలికయు పదవ తరగతి బాలుడును కలిసి ఆడవచ్చును. లెక్క చాలని బడికి ఇంతకంటె తగిన ఆట మాకు తోచలేదు.

ఈ ఆట పుట్టుక కొంచెము తెలిసికొనుట మంచిది. అమెరికాలో ఫ్రెడ్ మోరిసన్ అనునతడు రూపొందించిన ప్లాస్టిక్కు పళ్లెమును వామ్-ఓ అను బొమ్మల కంపెనీ 1957లో అమ్మజొచ్చెను. ఆ సంవత్సరముననే దానికి ఫ్రిస్బీ యను పేరు వచ్చినది. ఆ కంపెనీలోనే పనిచేసిన ఎడ్ హెడ్రిక్ దాని పైభాగమున సన్నని గీతలు పెట్టి, అది స్థిరముగా ఎగురునట్లు చేసి, 1967లో పేటెంటు పొందెను. అతడే 1975లో కాలిఫోర్నియాలో ఓక్ గ్రోవ్ అను ఉద్యానవనమున మొదటి డిస్కు గోల్ఫు మైదానము నేర్పరచెను. మరుసటి యేడు ఆ ఆటగాండ్ర సంఘమును స్థాపించెను. అతడు 2002లో మరణించినప్పుడు, అతని కోరిక ప్రకారము చితాభస్మమును ప్లాస్టిక్కులో కలిపి డిస్కులుగా పోతపోసిరట! ఇనుప గొలుసులు వ్రేలాడు బుట్టను గురిగా పెట్టుట తరువాత వచ్చిన పద్ధతి. తొలిదినములలో చెట్లును, స్తంభములునే గురులు. మాకును బుట్టలు లేవు. మైదానము చుట్టునున్న వేప, చింత, కానుగ చెట్లలో తొమ్మిదింటికి మొదళ్లపై సున్నముతో పట్టీలు వేసితిమి. అంతటితో ఆట సిద్ధమైనది. ఖర్చెల్ల డిస్కులకే.

చిక్కు గాలితో వచ్చినది. జూను మొదలు సెప్టెంబరు వరకు వీచు నైరృతి ఋతుపవనము తన నీటిని చాలవరకు పడమటి కనుమలపైననే దించి, మనవైపు పొడిగాలిగా వచ్చును. మధ్యాహ్నమైన పిమ్మట తూర్పునుండి సముద్రపు గాలి దానికి ఎదురు వచ్చును. తిరువళ్లూరు సముద్రమునకు దగ్గర కనుక అది అక్కడ ముందుగా తాకును. తిరుత్తణికి ఒక్కొక్కనాడు ఆలస్యముగా వచ్చును, ఒక్కొక్కనాడు రానేరాదు. అందువలన ఆడి సాయంకాలములలో మా మైదానమున పడమటి గాలిదే రాజ్యము. మా తొమ్మిది చెట్లలో అయిదు పడమటి వైపుననే యున్నవి. వాటి కావల ముళ్లకంచె. కంచె కావల సర్కారు తుమ్మల పొద.

మా యొద్ద మొదట నున్నవి తేలికయైన రెండు డిస్కులు. చైత్ర వైశాఖములలో, గాలిలేని ఉదయములందు, అవి హంసలవలె తేలిపోయెడివి. పిల్లలకు వాటిపై ఎంతో ప్రేమ. ఆడి వచ్చినంతనే అవే డిస్కులు ఎదురుగాలికి నిలువున లేచి, కుడివైపునకు బోర్లపడి, కంచె దాటి తుమ్మలలో దూరసాగినవి. ఆటకు పట్టు కాలము కంటె ముళ్లలో వెదకు కాలము ఎక్కువైనది. మొదట ఆరవ తరగతివారు రాకుండిరి. తరువాత బాలికలు మానిరి. చేతిబలము గల ఇద్దరు పెద్ద బాలురు మాత్రము మిగిలిరి.

ఒక విద్యార్థి తండ్రిగారు ఇది చూచి, "గాలి తగ్గిన తరువాత ఆడుకొనవచ్చును గదా నాయనా, ఈ ముళ్లలో పిల్లలకేల ఈ తిప్పలు?" అనిరి. ఆయన మాటలో వాత్సల్యమే యున్నది. కాని మేము లెక్కించి చూచితిమి. ఈ గాలి సెప్టెంబరు వరకు తగ్గదు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలు. సంక్రాంతి దాటిన పిమ్మట పరీక్షల చదువులు. గాలి తగ్గువరకు ఆగుదమనినచో ఏడాదిలో ఆడుటకు మిగులు కాలమెంత? కనుక గాలిలోనే ఆడవలెను. గాలికి తగిన డిస్కుతో ఆడవలెను. మేము కూడబెట్టిన పైకము మూడు డిస్కులకు మాత్రము చాలును. ఏ మూడు?

కొనుటకు ముందు చెన్నపట్టణపు మిత్రునియొద్ద నాలుగు విధముల డిస్కులను ఒక ఆదివారమునకు ఎరువు తెచ్చితిమి. పిల్లలందరిచేతను అన్నింటిని విసరించి చూచితిమి. చూచిన దానిని అర్థము చేసికొనుటకు డిస్కు ఎట్లు ఎగురునో ముందు తెలియవలెను.

కుడిచేతివాడు చేతిని ఎడమప్రక్కకు మడిచి, ముందునకు చాచి విసరినప్పుడు, పైనుండి చూచువారికి డిస్కు గడియారపు ముల్లువలె తిరుగుచు పోవును. ఆ తిరుగుటయే దానికి ప్రాణము. తిరుగని పళ్లెము నాలుగడుగులలో తలక్రిందులగును. తిరుగు వస్తువునకు ఒక వింత గుణము కలదు. సైకిలు చక్రమును ఊడదీసి, ఇరుసును రెండు చేతులతో పట్టుకొని, వేగముగా తిప్పించి, ప్రక్కకు వంచబోయి చూడుడు. అది మీరు వంచిన దిక్కునకు వంగక వేరొక దిక్కునకు మరలును. డిస్కు విషయమును ఇంతియే. వేగముగా పోవునప్పుడు గాలి దానిని పైకెత్తు బలము నడిమికంటె వెనుకవైపునకు జరుగును. ముందరి అంచు క్రిందికి వంగజూచును. తిరుగుచున్నది గనుక ఆ వంపు కుడివైపు వాలుగా మారును. వేగము తగ్గినప్పుడు ఆ బలము ముందువైపునకు జరుగును. ముందరి అంచు పైకి లేవజూచును. అది ఎడమవైపు వాలుగా మారును. కనుక ప్రతి డిస్కునందును ఈ రెండు గుణములు ఎక్కువ తక్కువలుగా ఉండును: మొదట కుడికి తిరుగుట, చివర ఎడమకు వాలుట. ఎడమచేతివాటము వారికి ఇదంతయు తారుమారుగా చదువుకొనవలెను.

మొదట కుడికి సులభముగా తిరుగు డిస్కును మా పిల్లలు "మెతక డిస్కు" అనిరి. ఎంత వేగముగా విసరినను కుడికి తిరుగక, చివర తప్పక ఎడమకే వాలు డిస్కును "మొండి డిస్కు" అనిరి. ఇంగ్లీషున దీనినే ఓవర్‌స్టేబుల్ అందురు. మొండి యనుమాటయే మాకు ఇంపుగా నున్నది.

ఇప్పుడు గాలి సంగతి. డిస్కునకు తెలిసినది నేలపై తన వేగము కాదు. గాలిలో తన వేగము. ఒక బాలుడు సెకనుకు 15 మీటర్ల వేగముతో విసరెననుకొందము. ఎదురుగాలి సెకనుకు 5 మీటర్లు. అప్పుడు డిస్కును తాకు గాలి వేగము 20 మీటర్లు. గాలిబలము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. 15 యొక్క వర్గము 225. 20 యొక్క వర్గము 400. అనగా గాలిబలము ఒకటింబావు కాదు, ఒకటిన్నర కాదు. ఇంచుమించు ఒకటి ముప్పాతిక రెట్లగును. అదే గాలి వెనుకనుండి వీచినచో మిగులు వేగము 10 మీటర్లు. దాని వర్గము 100. అనగా సగముకంటె తక్కువ. ఎదురుగాలిలో డిస్కు, బలవంతుడెవడో విసరినట్లు ప్రవర్తించును. వెనుకగాలిలో బలహీనుడు విసరినట్లు ప్రవర్తించును. మెతక డిస్కులు కంచె దాటుటకు కారణమిదియే. పిల్లల చేతులందు దోషము లేదు. వారు విసరిన దానికంటె వేగముగా విసరినట్లు గాలి చేసినది. మెతక డిస్కు ఆ వేగమునకు తాళలేక బోర్లపడినది.

కనుక ఎదురుగాలికి మొండి డిస్కు కావలెనని స్పష్టమైనది. దానిని అంగడిలో ఎట్లు గుర్తించుట? పెక్కు డిస్కులపై నాలుగు అంకెలు వేయుదురు. మొదటిది వేగము, రెండవది గాలిలో తేలుట, మూడవది మొదట తిరుగుట, నాలుగవది చివర వాలుట. మూడవ అంకె మైనస్‌లోనికి పోయినకొలది డిస్కు మెతక. అది సున్న యగుచు, నాలుగవది మూడో నాలుగో ఐనచో మొండి. ఉదాహరణకు ఇన్నోవా కంపెనీవారి లెపర్డ్ అను డిస్కునకు అంకెలు 6, 5, మైనస్ 2, 1. ఇది మెతక. ఫైర్‌బర్డ్ అనుదానికి 9, 3, 0, 4. ఇది మహా మొండి. రోక్ అనుదానికి 4, 4, 0, 3. ఇదియు మొండిదే, కాని నిదానమైనది. ఈ అంకెలు చేయువారు తమ అనుభవమునుబట్టి వేసినవి. తూచి కొలిచిన కొలతలు కావు. ఐనను దారి చూపుటకు చాలును.

అంకెలు లేని డిస్కును చేతితో చూచియు కొంత చెప్పవచ్చును. చదునైన బల్లపై పెట్టి అంచును చూడవలెను. అంచునందు అన్నిటికంటె ముందునకు పొడుచుకొని వచ్చిన గీత బల్లకు ఎత్తుగా నున్నచో సాధారణముగా మొండితనము ఎక్కువ. బల్లకు దగ్గరగా నున్నచో మెతకదనము ఎక్కువ. పైభాగము ఉబ్బుగా నున్నది ఎక్కువ తేలును. చదునైనది తక్కువ తేలును, గాలికి తక్కువ లొంగును. ఇక బరువు. ఒకే రకపు డిస్కులలో 150 గ్రాములదానికంటె 170 గ్రాములది గాలిలో నిలకడగా పోవును. ఐతే బరువునకు హద్దు కలదు. ఆటగాండ్ర సంఘపు నియమము ప్రకారము అడ్డుకొలతలో ఒక్కొక్క సెంటీమీటరునకు 8.3 గ్రాములను మించరాదు. 21 సెంటీమీటర్ల డిస్కు ఐనచో 174 గ్రాములు. మరియొక సంగతి: క్రొత్త డిస్కు మొండిగా నుండి, చెట్లకు కొట్టుకొని అరిగినకొలది మెత్తబడును. పాతదానిని పారవేయనక్కరలేదు, అది గాలిలేని దినములకు పనికివచ్చును.

ఇంతవరకు తెలిసినవాడు, "ఐనచో అన్నిటికంటె మొండిదైన ఫైర్‌బర్డ్‌నే మూడు కొనవచ్చును గదా" అనును. ఇక్కడనే అసలు విషయ మున్నది. మా మైదానమున ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె ఉన్నది. సన్నని చేయి, సూటియైన గురి. మెతక డిస్కుతో ఎదురుగాలికి విసరినప్పుడు అది లేచి కుడికి పడినది. ఫైర్‌బర్డ్‌తో విసరినప్పుడు అది బోర్లపడలేదు గాని, పట్టుమని ఇరువది అడుగులు పోకముందే ఎడమకు వంగి నేలకు దిగినది. ఆ డిస్కు అడుగు వేగము ఆమె చేతిలో లేదు. వేగము 9 అని వ్రాసినదానికి ఆ వేగమిచ్చు చేయి కావలెను. లేనిచో దానికి మొదటి భాగము లేదు, చివరి భాగమే యున్నది. మూడవసారి 170 గ్రాముల రోక్‌ను తీసికొని, తక్కువ ఎత్తున, నిదానముగా విసరినది. అది గాలిని చీల్చుకొని సూటిగా పోయి, చివర కొంచెము ఎడమకు వంగి, చింతచెట్టు మొదట సున్నపు పట్టీ ప్రక్కన పడినది. "అన్నా, ఇది నా మాట వినుచున్నది" అని ఆ బాలిక అనినది. పదవ తరగతి బాలుడు ఒకడు అదే ఫైర్‌బర్డ్‌ను విసరగా అది అతనికి అద్భుతముగా పోయినది. డిస్కు ఒక్కటే, గాలి ఒక్కటే, చేయి వేరు.

కనుక మేము రెండు రోక్‌లను, ఒక ఫైర్‌బర్డ్‌ను కొంటిమి. గాలికి మొండితనము కావలెను. కాని ఆ మొండితనము విసరువాని చేతికి తగినంతయే యుండవలెను. ఇదియే మా నిర్ణయమునకు మూలము.

గాలి ఎప్పుడును ఎదురుగానే యుండదు. వెనుకనుండి వీచునప్పుడు మొండి డిస్కు త్వరగా నేలకు దిగిపోవును. అప్పుడు మెతకదియే మేలు. ప్రక్కగాలి కొంచెము ఆలోచింపవలసినది. కుడిచేతివాని మొండి డిస్కు చివర ఎడమ అంచు దించుకొని వాలును. అనగా దాని అడుగుభాగము కుడివైపునకు కనబడును. గాలి కుడినుండి వచ్చినచో ఆ అడుగుభాగమును పట్టి, ఎత్తుకొని ఎడమకు దూరముగా తీసికొనిపోవును. గాలి ఎడమనుండి వచ్చినచో పైభాగమును తాకి నేలకు అదుమును. కనుక మొదటి గాలికి గురికంటె బాగుగా కుడికి చూచి విసరవలెను. రెండవ గాలికి డిస్కు తొందరగా పడునని ఎరిగి విసరవలెను. ఏ గాలికైనను మరింత బలముగా విసరి జయింతుననుకొనుట వ్యర్థము. ఎదురుగాలిలో బలము హెచ్చినచో డిస్కు తిరుగుబాటును హెచ్చును. తక్కువ ఎత్తున, ముందరి అంచు లేవకుండ, మణికట్టుతో బాగుగా తిప్పి విడువవలెను.

మన బడులలో ఆటల పోటీలకు విసరు డిస్కస్ మాట వేరని విద్యార్థులు గమనింపవలెను. అది పురుషులకు 2 కిలోలు, స్త్రీలకు 1 కిలో. అంత బరువైనది ప్లాస్టిక్కు డిస్కువలె ఎదురుగాలికి బోర్లపడదు. తగిన ఎదురుగాలి దానికి మోత యిచ్చి దూరము పెంచును. 1986లో తూర్పు జర్మనీకి చెందిన యూర్గెన్ షుల్ట్ విసరిన 74.08 మీటర్ల ప్రపంచ రికార్డు ఇంచుమించు 38 సంవత్సరములు నిలిచినది. దానిని 2024లో లిథువేనియాకు చెందిన మికోలాస్ అలెక్నా 74.35 మీటర్లతో దాటెను; 2025లో తానే 75.56 మీటర్లకు పెంచెను. ఆ రెండును అమెరికాలో ఓక్లహామాలోని రమోనా యను చిన్న యూరిలో విసరినవి. గాలి బాగుగా వీచునని ఎరిగియే ఆటగాండ్రు ఆ యూరికి పోవుదురు. చూడుడు, ఒకరు పారిపోవు గాలికి మరియొకరు టిక్కెట్టు కొని పోవుచున్నారు! గాలి మంచిదో చెడ్డదో దానియంతట చెప్పలేము. చేతనున్న వస్తువునుబట్టి చెప్పవలెను.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. మేము డిస్కును గూర్చి వ్రాయుచు బడిని గూర్చి మాటలాడుట పొసగదని అనుకొనకుడు. "తమిళదేశమున తెలుగున చదివి మా పిల్లవాడు ఏమి కాగలడు?" అను ప్రశ్నను మీరు అడుగుచున్నారు, మా తల్లిదండ్రులును అడిగిరి. ఆ ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. పిల్లవాని చేయి చూచి డిస్కు ఇచ్చునట్లు, పిల్లవాని తీరు చూచి చదువు ఎన్నుకొనుడని మాత్రము చెప్పగలము. ఒక్క సంగతి మాత్రము మా అనుభవమున నిజము. తమిళము వీథిలో, ఇంగ్లీషు కార్యాలయమున, తెలుగు ఇంటిలో నేర్చిన మేము ఆ మూడింటిలో దేనికిని దూరము కాలేదు. తెలుగు మాకు అంచున ఉన్న బరువువలె పనిచేసినది. గాలి ఎటు తిప్పినను చివరకు మా వైపునకు మమ్ము వాల్చినది. అందరికిని ఇట్లే యగునని వాదింపము. గాలి వీచుచున్నదను ఒక్క కారణముతో మాత్రము ఆట మానకుడని ప్రార్థించుచున్నాము.

క్రొత్త డిస్కులు వచ్చిన పిమ్మట ఆరవ తరగతివారు మరల వచ్చిరి, బాలికలును వచ్చిరి. కంచె కావల వెదకుట చాల తగ్గినది. కొన్ని వారములకు ప్రక్కవీథి తమిళబడి పిల్లలు గోడపై కూర్చుండి చూడసాగిరి. తరువాత గోడ దిగిరి. వారికి మేము మొండి డిస్కును చూపి దాని గుణము చెప్పగా, వారిలో ఒకడు నవ్వి, "పిడివాదము!" అని పేరు పెట్టెను. వారి భాషలో మొండితనమునకు అదే మాట. మన భాషలోను పట్టిన పట్టు విడువని వాదమునకు అదే మాట. అప్పటినుండి మా మైదానమున ఫైర్‌బర్డ్ పేరు పిడివాదము. పోయిన ఆదివారము పదుముగ్గురు ఆడిరి. వారిలో అయిదుగురు తమిళ పిల్లలు. విసరులు లెక్కించునప్పుడు ఒకరు తెలుగున, ఒకరు తమిళమున లెక్కించిరి; తగవు మాత్రము ఎప్పటివలె రెండు భాషలలోను వచ్చినది. మొదట ఆగుదమనిన ఆ తండ్రిగారే ఇప్పుడు చింతచెట్టు క్రింద నిలిచి, సున్నపు పట్టీకి డిస్కు తగిలినదో లేదో తీర్పు చెప్పుచున్నారు.

రాదలచిన విద్యార్థులకు మా సూచనలు ఇవి. ఆడికృత్తిక దినములలో యాత్రికుల రద్దీ యుండును గనుక మనుష్యులు నడచు దిక్కునకు డిస్కు విసరరాదు. మొదటి డిస్కు కొనువారు 4 లేక 5 వేగము గలదానిని, 170 గ్రాములకు తగ్గనిదానిని, మూడవ అంకె సున్నగా నున్నదానిని కొనవలెను. చేతిబలము పెరిగిన తరువాత పిడివాదముల జోలికి పోవచ్చును. మెతక డిస్కును ఇంటిలో దాచుకొనవలెను. దాని దినములును వచ్చును. మైదానమునకు వచ్చినంతనే సంచి విప్పకుడు. ఒక గడ్డిపోచ త్రెంపి భుజము ఎత్తునుండి విడువుడు. అది ఎటు పోవునో చూచి, ఆ తరువాత డిస్కు తీయుడు.